ఏడో తరగతికి గాలి పాఠం: చేతులతో చేయించి చెప్పడానికి మీరేం చేశారు?

నాగావళి టీచర్ (ఆదివారం, రాత్రి 9:05)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతున్నాను. పోయిన వారం గాలి పాఠం మొదలుపెట్టాను. వేడెక్కిన గాలి తేలికవుతుంది, పైకి పోతుంది, ఆ చోటులోకి చల్లని గాలి వస్తుంది, దాన్నే పవనం అంటాం అని బోర్డు మీద బాణాలు గీసి చెప్పాను. అందరూ రాసుకున్నారు. చివరి వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "ఎవరైనా తోస్తేనే కదా మేడం ఏదైనా కదులుతుంది? వేడి గాలిని పైకి ఎవరు తోస్తారు?" అని అడిగింది. బలం పాఠంలో ఆ మాట చెప్పింది నేనే. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను.

మరునాడు అట్టపెట్టెకు రెండు గొట్టాలు పెట్టి, ఒకదాని కింద కొవ్వొత్తి వెలిగించి, రెండో గొట్టం దగ్గర అగరుబత్తి పట్టుకుని చూపించబోయాను. పొగ గొట్టంలోకి దిగలేదు. గదంతా అలుముకుంది. పిల్లలు పాపం కనిపించినట్టే తలూపారు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

తరగతిలో 34 మంది ఉన్నారు. సముద్రం మాకు నాలుగైదు కిలోమీటర్లు. పెద్ద ఖర్చు పెట్టలేను. మీరు నిజంగా చేసి, ఫలితం చూసినవి చెప్పండి. పుస్తకంలో ఉన్నవి నాకూ ఉన్నాయి.

చీపురుపల్లి సైన్సు (ఆదివారం, రాత్రి 9:48)

టీచర్ గారూ, ఆ పెట్టె ప్రయోగం నాకు మూడు సార్లు పాడైంది, నాలుగోసారి కుదిరింది. మీ పెట్టెలో తప్పు ఎక్కడుందో దాదాపు చెప్పగలను.

మొదటిది, పెట్టె మూలల్లో సందులు. చెప్పుల డబ్బా అయితే మూత చుట్టూ గాలి చొరబడుతుంది. గొట్టం గుండా వచ్చే అవసరం గాలికి ఉండదు. అంచులన్నీ సెల్లోటేపుతో మూసేయండి. గొట్టాలు మూతలో దిగే చోట కూడా. అక్కడ నేను గోధుమపిండి ముద్ద పెట్టాను, బాగా పట్టుకుంది.

రెండోది, గొట్టం పొడవు. జానెడు కంటే తక్కువ ఉంటే లాగదు. కొవ్వొత్తి మీద వచ్చే గొట్టానికి కాగితం వాడకండి, అంటుకుంటుంది. పాలపొడి డబ్బాకు రెండు వైపులా మూత తీసేస్తే చాలు. కొవ్వొత్తి పొడుగ్గా ఉంటే అట్ట కాలుతుంది కాబట్టి ప్రమిదలో చిన్న ఒత్తి వేయండి. పక్కనే నీళ్ల బక్కెట్టు ఉంచండి. ఆడపిల్లల చున్నీలు వెనక్కు ముడి వేయించండి. ఈ చివరి రెండూ నేను మొహమాటం లేకుండా ప్రతిసారీ చెబుతాను.

మూడోది, ఓపిక. దీపం పెట్టగానే అగరుబత్తి చూపించకూడదు. రెండు నిమిషాలు ఆగితే డబ్బా వేడెక్కి లాగడం మొదలవుతుంది. ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి. పెట్టె ముందు వైపు కోసేసి, పుస్తకాల బైండింగుకు వాడే పారదర్శకమైన షీటు అంటించండి. వెనక లోపలి గోడకు నల్ల కాగితం అంటిస్తే తెల్లని పొగ స్పష్టంగా కనిపిస్తుంది.

కుదిరినప్పుడు చూడాలి. అగరుబత్తి పొగ ఎప్పుడూ పైకే పోతుందని పిల్లలు పూజగదిలో పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. అది వాళ్ల కళ్ల ముందు తలకిందులుగా గొట్టంలోకి దిగి, పెట్టె అడుగున అడ్డంగా పాకి, డబ్బాలోంచి పైకి లేస్తుంది. మా తరగతిలో కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.

గజపతినగరం నాన్న (ఆదివారం, రాత్రి 10:10)

నేను టీచరును కాను. మా అబ్బాయి ఆరో తరగతి. ఇంట్లో కాగితం పాము చేశాం. గుండ్రటి కాగితాన్ని చుట్టలాగా కత్తిరించి, మధ్యలో దారం కట్టి దీపానికి జానెడు పైన వేలాడదీస్తే తిరుగుతుంది. వాడు రెండో పాము చేస్తే అది ఎదురు దిక్కులో తిరిగింది. అరగంట తర్వాత కారణం దొరికింది. రెండోసారి కాగితాన్ని తిరగేసి దారం కట్టాడు, అందువల్ల చుట్ట మెలిక మారింది. గాలి మాత్రం రెండు సార్లూ పైకే వచ్చింది. ఈ సంగతి వాడే కనిపెట్టాడు, నేను చెప్పలేదు.

బొబ్బిలి పాత మాస్టారు (సోమవారం, ఉదయం 6:20)

అమ్మా, ఆ చివరి వరుస అమ్మాయి అడిగిన ప్రశ్న పాఠమంతటికీ మూలం. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి పదవీ విరమణ చేశాను. అందులో మొదటి పదేళ్లు నేనూ "వేడి గాలి పైకి పోతుంది" అనే చెప్పాను. అదేదో వేడి గాలికి ఉన్న కోరిక అన్నట్టు.

ఆ అమ్మాయికి ఈ ప్రయోగం చూపించండి. ఒక ఖాళీ బక్కెట్టు అడుగున ప్లాస్టిక్ బంతి పెట్టండి. "ఈ బంతి తేలికైనది కదా, పైకి లేస్తుందా?" అని అడగండి. లేవదు. ఇప్పుడు నీళ్లు పోయండి. లేస్తుంది. బంతి లేచింది తేలికగా ఉండటం వల్ల మాత్రమే కాదు. బరువైన నీరు కిందికి దిగి, బంతి కిందికి దూరి, దాన్ని పైకి నెట్టింది. వేడి గాలి సంగతీ అంతే. చుట్టూ ఉన్న చల్లని, బరువైన గాలి కిందికి దూరి నెడుతుంది. తోసేది ఎవరని అడిగిన పిల్లకు ఇదే జవాబు. ఇంకా అడిగితే, ఆ చల్లని గాలిని కిందికి లాగేది భూమి అని చెప్పండి.

అయితే పిల్లలకు గాలికి బరువుందని నమ్మకం ఉండదు. తరగతి గది కొలిపించండి. ఆరు మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు అనుకుందాం. 126 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అంటే గదిలో గాలి బరువు 150 కిలోలు, మూడు బియ్యం బస్తాలు! ఈ లెక్క వేసిన రోజు పిల్లలు తల పైకెత్తి గదిని కొత్తగా చూస్తారు. ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి 1644లో ఒక ఉత్తరంలో మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని రాశాడు. సముద్రం పక్కనున్న మీ పిల్లలకు ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

తూచి చూపించాలంటే బెలూను కంటే సైకిలు ట్యూబు మేలు. బెలూనులో గాలి పెద్దగా నొక్కుకుపోదు, అది బయటి గాలిలో తేలే బలం ఆ కాస్త బరువును దాదాపు మింగేస్తుంది. పంపుతో గట్టిగా గాలి కొట్టిన ట్యూబును సున్నితమైన త్రాసులో తూచి, గాలి తీసేసి మళ్లీ తూస్తే తేడా కనిపిస్తుంది. బంగారం కొట్టు త్రాసు ఎవరైనా ఒక గంట ఇస్తే ఇంకా బాగుంటుంది.

ఒక హెచ్చరిక కూడా రాస్తాను. పళ్లెంలో నీళ్లు పోసి, కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లించే ప్రయోగం ఈ పాఠంలో కలపకండి. ఆక్సిజన్ అయిదో వంతు ఖర్చయింది కాబట్టి నీరు అంత ఎక్కిందని చెప్పడం తప్పు. గ్లాసు బోర్లించేటప్పుడు లోపలి గాలి వేడికి వ్యాకోచించి కొంత బుడగలుగా బయటికి పోతుంది. దీపం ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, బయటి గాలి నీటిని లోపలికి నెడుతుంది. నమ్మకపోతే ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి చూడండి. నీరు ఎక్కువ ఎక్కుతుంది. ఆక్సిజన్ మూడింతలు కాలేదు కదా.

నాగావళి టీచర్ (సోమవారం, రాత్రి 8:30)

మాస్టారూ, మీకు నమస్కారాలు. బక్కెట్టు, బంతి ఈ రోజే చేశాను. ఆ అమ్మాయి బంతిని చేత్తో అడుగుకు నొక్కి పట్టుకుని, "నీరు నా చెయ్యిని కూడా పైకి తోస్తోంది" అంది. ఇక నేను చెప్పాల్సింది మిగల్లేదు.

గది కొలత కూడా వేయించాను. మా గదిలో 140 కిలోలు వచ్చింది.

కళింగపట్నం రేవు (సోమవారం, రాత్రి 9:15)

మేడం గారూ, నేను వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, డిగ్రీ చదివాను. మీ పిల్లల్లో సగం మందికి ఈ పాఠం ఇంట్లో ఉంది, వాళ్లను అడగండి. మా తాత తెరచాప పడవల రోజుల్లో తెల్లవారుజామున బయలుదేరేవాడు. అప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, పడవను లోపలికి తీసుకుపోతుంది. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి నేల వైపు గాలి మళ్లాక దాన్ని పట్టుకుని ఒడ్డుకు వచ్చేవాళ్లు. ఇంజను వచ్చాక ఆ లెక్క ఎవరికీ అవసరం లేకపోయింది, కానీ గాలి మాత్రం ఇప్పటికీ అదే వేళకు మళ్లుతుంది.

బడి ఆవరణలో ఒక వెదురు కర్రకు పలుచని గుడ్డపేలిక కట్టించండి. ఉదయం 7, 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4 గంటలకు అది ఎటు ఎగురుతోందో ఒక్కో జట్టు రాయాలి. రెండు వారాలు చాలు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంటుంది. కాబట్టి సముద్రపు గాలి సరిగ్గా తూర్పు నుంచి రాదు, ఆగ్నేయం, దక్షిణం నుంచి వస్తుంది. పుస్తకంలో బొమ్మ చూసి తూర్పు అనుకునే పిల్లలు ఇక్కడ తికమకపడతారు.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. గాలి ఎటు నుంచి వస్తే దానికి ఆ పేరు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. గుడ్డ మాత్రం తూర్పుకు ఎగురుతుంది. మొదటి వారం పిల్లలంతా తలకిందులుగా రాస్తారు.

గంటస్తంభం (సోమవారం, రాత్రి 10:02)

రేవు గారు చెప్పినదానికి జతగా ఇసుక, నీరు ప్రయోగం పెట్టండి. రెండు ఒకేలాంటి పళ్లేలు తీసుకుని, ఒకదానిలో ఇసుక, మరొకదానిలో అదే లోతుకు నీరు పోసి ఎండలో పెట్టి పది నిమిషాలకోసారి ధర్మామీటరు చూడాలి. నేను విజయనగరంలో ప్రైవేటుగా పాఠాలు చెబుతాను, నాలుగేళ్లుగా ఇది చేయిస్తున్నాను.

ఇసుక పొడిగా ఉండాలి. సముద్రం ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక తడిగా ఉంటే వేడి అంతా ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది, ఫలితం తారుమారవుతుంది. ముందు రోజు ఆరబెట్టండి. ధర్మామీటరు గుండు రెండింటిలోనూ ఒకే లోతులో, ఒక సెంటీమీటరు లోపల ఉండాలి. ఇసుక పైకి తేలిన గుండు ఎండను చూపిస్తుంది తప్ప ఇసుకను చూపించదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక గ్రాము ఇసుకకు కావలసినదానికి అయిదు రెట్లు వేడి కావాలి. ఈ సంఖ్య చివర్లో చెప్పండి, ముందు కాదు.

చాలామంది మధ్యాహ్నంతో ఆపేస్తారు. సగం ప్రయోగం అక్కడే పోతుంది. పళ్లేలను నీడలోకి తెచ్చి చల్లారేటప్పుడు కూడా కొలవాలి. ఇసుక త్వరగా చల్లబడుతుంది. రేవు గారి తాతగారి తెల్లవారుజాము గాలి అక్కడుంది.

మే నెలలో మాత్రం ఇది బయట కనిపించకపోవచ్చు. పడమటి వడగాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి లోపలికి రాలేదు. విజయనగరం ఉడికిపోయే రోజులు అవే. పిల్లలు "మీరు చెప్పినట్టు జరగలేదు" అంటే అబద్ధం చెప్పకుండా ఈ పోటీ గురించి చెప్పండి.

ఉద్దానం కొబ్బరి (మంగళవారం, రాత్రి 7:40)

ఈ చర్చ చదువుతుంటే నన్ను ఏడేళ్లుగా వేధిస్తున్న ప్రశ్న గుర్తొచ్చింది. నేను టీచరును కాను, పలాస దగ్గర మాకు కొబ్బరి, జీడి తోటలు ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు.

ఆ రాత్రి గాలి ఈశాన్యం నుంచి కొట్టింది. చెట్లు నైరుతికి వంగి విరిగాయి. తర్వాత ఉన్నట్టుండి గాలి తగ్గింది. నాన్న బయటికి వెళ్లబోతుంటే అమ్మ పట్టుకుని లాగింది. కాసేపటికే అంత బలంతో నైరుతి నుంచి తిరిగి కొట్టింది. మిగిలిన చెట్లు ఎదురు దిక్కుకు పడ్డాయి. తెల్లారి చూస్తే తోటలో చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా ఉన్నాయి. గాలి వేడి నుంచి చల్లదనానికో, చల్లదనం నుంచి వేడికో పోయేదైతే, ఒకే రాత్రిలో ఎదురు దిక్కుకు ఎలా తిరిగింది? ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్పగలరా?

వంశధార ఒడ్డు (మంగళవారం, రాత్రి 9:30)

అన్నయ్యా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆగాను. కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. మీరు రాసిన దిక్కులు పుస్తకంలో గీసిన బొమ్మలాగే సరిపోయాయి.

తుఫాను అంటే మధ్యలో పీడనం బాగా తక్కువగా ఉన్న ఒక సుడి. చుట్టూ ఉన్న గాలి మధ్యకు పరుగెత్తుతుంది. కానీ భూమి తిరుగుతోంది కాబట్టి మన అర్ధగోళంలో ఆ పరుగు కుడివైపుకు మళ్లుతుంది. అలా మళ్లిన గాలి అంతా కలిసి మధ్య చుట్టూ, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తిత్లీ ఆగ్నేయం నుంచి వాయవ్యానికి కదిలింది. కేంద్రం ఇంకా సముద్రంలో ఉన్నప్పుడు మీరు దానికి వాయవ్యంగా ఉన్నారు, అక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. కేంద్రం మీ నెత్తి మీదికి వచ్చినప్పుడు ప్రశాంతం, అది తుఫాను కన్ను. కన్ను దాటిపోయాక మీరు ఆగ్నేయంగా ఉండిపోయారు, అక్కడ గాలి నైరుతి నుంచి వస్తుంది. గాలి మనసు మార్చుకోలేదు, సుడి మీ మీదుగా నడిచింది. మీ అమ్మగారు ఆ రోజు మీ నాన్నగారిని కాపాడారు.

చీపురుపల్లి సైన్సు (మంగళవారం, రాత్రి 10:05)

వంశధార గారూ, వివరణ గొప్పగా ఉంది. కానీ ఏడో తరగతికి భూభ్రమణం వల్ల గాలి మళ్లడం చెప్పడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. పీడనమే ఇంకా సరిగ్గా పట్టుబడని పిల్లలు వాళ్లు. "కుడివైపుకు మళ్లుతుంది" అని చెబితే మళ్లీ రాసుకుని బట్టీ పడతారు. మనం ఇంతసేపు బట్టీ నుంచి బయటికి రావడానికే కదా మాట్లాడుకున్నది?

వంశధార ఒడ్డు (మంగళవారం, రాత్రి 11:15)

మాస్టారూ, మాటల్లో చెబితే మీరన్నట్టే అవుతుంది. ఒంటితో చేయిస్తే కాదు. ముందు అట్ట. గుండ్రటి అట్ట మధ్యలో గుండుసూది గుచ్చి, ఒక పిల్లాడు దాన్ని మెల్లగా ఎడమవైపుకు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. ఇంకొకడు పైన కదలని స్కేలు ఆధారంగా మధ్య నుంచి అంచుకు తిన్నగా గీత గీయాలి. చెయ్యి తిన్నగానే వెళ్లింది, అట్ట మీద గీత మాత్రం కుడికి వంగింది. అట్టను ఎదురుగా తిప్పితే ఎడమకు వంగుతుంది, అది దక్షిణార్ధగోళం. ఈ మళ్లింపును లెక్క కట్టినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్, 1835లో.

పుస్తకాల్లో ఇంకో వివరణ ఉంటుంది. భూమితోపాటు శ్రీకాకుళం గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది, ఢిల్లీ సుమారు 1,470తో. ఇక్కడి గాలి ఉత్తరానికి పోతే మిగులు వేగంతో తూర్పుకు తప్పుతుంది. 1735లో ఇంగ్లండుకు చెందిన హాడ్లీ చెప్పింది ఇదే. బాగుంటుంది కానీ ఇది సగం కథ. తూర్పుకు పోయే గాలి కూడా కుడికే ఎందుకు మళ్లుతుందో ఇది చెప్పదు. అట్ట అన్ని దిక్కులకూ చెబుతుంది.

తర్వాత మైదానం. ముగ్గుపిండితో పెద్ద వృత్తం గీయండి, మధ్యలో ఒక కుర్చీ పెట్టండి, అదే అల్పపీడన కేంద్రం. ఇరవై మంది పిల్లలు వృత్తం మీద కుర్చీకి ఎదురుగా నిలబడాలి. మొదటిసారి తిన్నగా నడవమనండి, అందరూ కుర్చీ దగ్గర గుద్దుకుంటారు. రెండోసారి ఒక నియమం: ఒక అడుగు కుర్చీ వైపు, ఒక అడుగు తమ కుడివైపుకు. అంతే. ఎవరికీ గుండ్రంగా తిరగమని చెప్పకండి. గుంపంతా సుడి తిరగడం మొదలవుతుంది, అదీ ఎడమవైపుకు. ఒక్కొక్కరు కుడికి జరుగుతుంటే గుంపు ఎడమకు ఎందుకు తిరుగుతోందని వాళ్లే అడుగుతారు. ఇది డిగ్రీ పిల్లలు కూడా తప్పు చెప్పే ప్రశ్న.

వాష్‌బేసిన్‌లో నీరు సుడి తిరగడం భూభ్రమణం వల్లనే అని మాత్రం చెప్పవద్దు. అంత చిన్న పాత్రలో ఆ ప్రభావం లెక్కలోకి రాదు. నీరు పోసినప్పుడు మిగిలిన కదలికే దిక్కును నిర్ణయిస్తుంది.

విజయనగరం కోట (బుధవారం, ఉదయం 7:00)

పీడనం కంటికి కనిపించేలా చేయడం గురించి ఎవరూ రాయలేదు. గాజు సీసా నోటికి బెలూను రబ్బరు బిగించి, మధ్యలో స్ట్రా అంటించే పీడనమాపకం అందరూ చేస్తారు. బయటి పీడనం తగ్గితే రబ్బరు ఉబ్బుతుంది, స్ట్రా బయటి కొస కిందికి దిగుతుంది. మా బడిలో అది రోజూ మధ్యాహ్నం తుఫాను వస్తోందని చెప్పేది! సీసాలోని గాలి ఎండకు వేడెక్కి రబ్బరును ఉబ్బించడమే కారణం. అది సగం ధర్మామీటరు. చల్లని గదిలో, గోనె చుట్టిన మట్టికుండలో పెట్టి, రోజూ ఒకే వేళకు చూస్తే కొంత నయం.

కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే పరికరం ఉంటుంది. మేడ మెట్లు ఎక్కుతుంటే అంకె తగ్గడం పిల్లలకు పండగ. సుమారు ఎనిమిది మీటర్లకు ఒక హెక్టాపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. అయితే ఒక రోజు సాయంత్రం 4 గంటలకు ఉదయం కంటే మూడు తగ్గిందని చూసి నేనే కంగారుపడ్డాను. తర్వాత తెలిసింది, మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో పీడనం రోజూ పోటూపాటూలాగా ఊగుతుంది. ఉదయం, రాత్రి 10 గంటల ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువ. కాబట్టి నిన్నటి ఇదే వేళతో పోల్చాలి.

నాగావళి టీచర్ (రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:20)

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, మన్నించండి. వరుసగా చెబుతాను.

పెట్టె కుదిరింది. గోధుమపిండి ముద్ద, పాలపొడి డబ్బా, నల్ల కాగితం, అన్నీ చీపురుపల్లి మాస్టారు చెప్పినట్టే. చివరి వరుస అమ్మాయిని ముందుకు పిలిచాను. పొగ దిగడం చూసి, "బంతి కిందికి నీరు దూరినట్టు ఇది దీపం కిందికి దూరుతోంది" అంది.

ఇసుక పళ్లెం మొదటి రోజు మబ్బు వల్ల చెడింది, రెండో రోజు బాగా వచ్చింది. గుడ్డపేలిక పట్టికలో మొదటి వారం దిక్కులు నిజంగానే తలకిందులయ్యాయి. చాటతో ధాన్యం తూర్పారబట్టే ఒక పిల్లాడి అమ్మమ్మ దాన్ని సరిదిద్దింది. గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నిలబడతామని, పొట్టు ముందుకు పోతుందని చెప్పి పంపింది. అప్పటి నుంచి ఆ తప్పు మళ్లీ రాలేదు.

ఇక మైదానం. చీపురుపల్లి మాస్టారూ, మీ అనుమానమే నాదీ. కానీ చేయించాను. రెండోసారి నడకలో గుంపు తిరగడం మొదలవగానే పిల్లలు కేకలు వేశారు. బయట నిలబడి చూస్తున్న 14 మంది "ఎడమకు, ఎడమకు" అని అరిచారు. లోపలున్నవాళ్లు "మేం కుడికే జరుగుతున్నాం" అని వాదించారు. ఆ వాదన పది నిమిషాలు నడిచింది, నేను కల్పించుకోలేదు. చివరికి వృత్తంలో దక్షిణం వైపు నుంచి బయలుదేరిన ఒక పిల్లాడు, "నేను ఉత్తరానికి నడుస్తున్నా, నా కుడి తూర్పు, అందుకే తూర్పుకు జరిగా. నా ఎదురుగా ఉన్నవాడికి కుడి పడమర" అని ముగ్గు మీద గీసి చూపించాడు.

అప్పుడు వంశధార గారు నాకు విడిగా రాసి పంపిన నియమం చెప్పాను. గాలికి వీపు పెట్టి నిలబడితే మన అర్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. బాయిస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1857లో చెప్పాడట. పిల్లలకు ఇంటిపని ఇచ్చాను: తిత్లీ రాత్రి గాలి ఎటు నుంచి కొట్టిందో ఇంట్లో పెద్దవాళ్లనూ, వేరే ఊళ్లలో ఉన్న చుట్టాలనూ ఫోను చేసి అడగాలి.

పందొమ్మిది జవాబులు వచ్చాయి. జిల్లా పటం మీద బాణాలు గీశాం. ఇచ్ఛాపురం వైపు చుట్టాలు తూర్పు అని, తర్వాత ఆగ్నేయం అని చెప్పారు. కళింగపట్నం వైపువాళ్లు ఉత్తరం, తర్వాత పడమర అన్నారు. ఒక్కో బాణానికి ఎడమవైపు గీత గీస్తే, గీతలు చాలావరకు పలాస, మందస తీరం ముందున్న సముద్రం వైపు పోయి కలిశాయి. నాలుగు బాణాలు ఎటూ కుదరలేదు. ఆ ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్నారు, దిక్కు గుర్తులేదని ఆ పిల్లలే ఒప్పుకున్నారు. వాటిని చెరిపేయకుండా వేరే రంగులో ఉంచాం.

ఉద్దానం అన్నయ్యా, పటంలో మీ ఈశాన్యం, నైరుతి బాణాలు రెండూ కూడా ఉన్నాయి. పిల్లలు మీ నాన్నగారి తోట అని రాశారు.

చీపురుపల్లి సైన్సు (శనివారం, రాత్రి 9:55)

నా మాట వెనక్కు తీసుకుంటున్నాను టీచర్ గారూ. సోమవారం మా మైదానంలో ముగ్గు గీయిస్తాను. కుర్చీకి బదులు నీళ్ల బిందె పెడతాను.

ఉద్దానం కొబ్బరి (ఆదివారం, ఉదయం 8:10)

మేడం గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. లేచి పెరట్లోకి వెళ్లాడు. ఇప్పుడక్కడ కొత్త కొబ్బరి మొక్కలు ఉన్నాయి, ఇంకా కాపుకు రాలేదు. ఈశాన్యానికి వీపు పెట్టి నిలబడి ఎడమచెయ్యి చాపాడు. చెయ్యి సముద్రం వైపు ఉంది. తర్వాత వెనక్కు తిరిగి, నైరుతికి వీపు పెట్టి మళ్లీ చాపాడు. ఈసారి కొండల వైపు. "అవును, అటే పోయింది" అన్నాడు.

ఆయనకు 2013లో వచ్చిన ఫైలిన్ గాలి కూడా గుర్తుందట. అది ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది కాబట్టి మాకు వేరే దిక్కు నుంచి వచ్చి ఉండాలి. చెప్పమంటే చెబుతానన్నాడు. మీ పిల్లల పటంలో చోటుంటే పంపిస్తాను.